కిందికి దించడం

అక్షరాలు తప్పు పోతే మన్నించండి. ఒత్తులు నాకింకా లొంగలేదు. యాభై తొమ్మిదో ఏట పలక పట్టినదాన్ని. కాగితం ఒక వైపు నిండడానికి నాకు ఒక పూట పడుతుంది, అందుకని చదివేవాళ్ళు కూడా కొంచెం నిదానంగా చదవండి. ఇందులో కొండమ్మ అన్నది నన్నే. "నేను" అని రాయబోతే చెయ్యి ఆగిపోతోంది. కొండమ్మ అని రాస్తే కదులుతోంది. అలాగే రాస్తాను.

మూడు వారాలుగా వేస్తున్నట్టే, ఆ సోమవారం పొద్దున్నే కూడా మా దీవిలోని హాడో జెట్టీ దగ్గర మడత బల్ల వేశారు. బల్ల కాళ్ళలో ఒకటి పొట్టి. కొబ్బరి చిప్ప ముక్క దాని కింద తోసి, కొండమ్మ లేచి నిలబడింది. కొండమ్మకు అక్షరాలు నేర్పిన, రిటైరైన పద్మావతి టీచరమ్మ కాగితాలు ఎగిరిపోకుండా నీళ్ళ సీసా పెట్టింది. గోపినాథ్ గారు, ఒకప్పుడు ఏదో ఆఫీసులో గుమాస్తా, టికెట్ల వరసలో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలుస్తున్నాడు.

"మనకి అసెంబ్లీ లేదు భయ్యా, ఎమ్మెల్యే లేడు. గట్టిగా అరుద్దామన్నా ఎవరి గుమ్మం ముందు అరవాలో తెలీదు. ప్రయాణికుల బోట్లకి కొత్త రూల్సు రాస్తున్నారు. శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోపు ఎవరైనా చెప్పుకోవచ్చు. సైన్ కరో, పుణ్యం ఉంటుంది."

కాగితంలో అడిగినవి మూడు. గుండె ఆగినవాడికి షాకిచ్చే మిషను ప్రతి బోటులో ఉండాలి. బోటు మనుషుల్లో ఇద్దరికైనా ఛాతీ నొక్కి బతికించే విద్య నేర్పాలి. తొమ్మిదో తరగతి నుంచి బడి పిల్లలందరికీ అదే నేర్పాలి. ఇవి దయగా ఇచ్చేవి కావు, చట్టంలో ఉండాలి అని టీచరమ్మ కింద గీత గీసింది.

జోగులు వచ్చాడు. కొండమ్మ మొగుడు నూకన్న ఓడల వార్ఫులో బరువులెత్తే వించి నడిపిన రోజుల్లో అతని కింద బస్తాలు కట్టినవాడు.

"ఏటి వదినా, నువ్వు కూడా సంతకమేనా? నానైతే ఏలిముద్ర ఎడతాను."

"నానే ఎట్టేను రా సంతకం. నీకేటి రోగం? పట్టు పెన్ను."

జోగులు నవ్వి, నాలుక బయటపెట్టి, వంకరగా మూడక్షరాలు రాశాడు. తరవాత నవ్వు ఆపేసి, "మా అన్నకి ఆవేళ ఈ మిషనుంటే..." అని వదిలేశాడు.

అక్కడే కొండమ్మ చెప్పాలి. రోజుకు ఇరవైసార్లు చెబుతోంది. "పెళ్ళికెళ్ళి వస్తన్నాం. బోటు సముద్రం మధ్యకొచ్చింది. గుండెల్లో నొప్పన్నాడు. గ్యాసేమో అని సోడా పట్టేను. అంతే, ఒరిగిపోయాడు. జెట్టీకి గంటన్నర. ఎవడికీ ఏటీ తెల్దు. నా ఒళ్ళోనే పోయాడు."

అన్నిసార్లూ అవే మాటలు. ఒడ్డున దొర్లి దొర్లి నున్నబడ్డ గవ్వలా అయిపోయాయి. "ఎవడికీ ఏటీ తెల్దు" అన్న చోట మాత్రం ఆమె చూపు బల్ల మీదికి దిగేది, అరచెయ్యి కాగితాన్ని సాపు చేసేది. ముడత లేకపోయినా సాపు చేసేది.

బుధవారం ఆ రూల్సు రాసే ఆఫీసుకు ముగ్గురినీ పిలిచారు. ఆఫీసరు చిన్న వయసువాడు, మెయిన్‌లాండ్ నుంచి వచ్చి ఏడాది కాలేదు. మర్యాద తెలిసినవాడు. కొండమ్మకు తనే కుర్చీ జరిపాడు. రెండువేల సంతకాల కట్టను రెండు చేతులా ఎత్తి చూశాడు.

"మాతాజీ, మీ కష్టం చదివాను," అన్నాడు హిందీలో. "అర్జీ అంతా మీ సంగతి మీదే నిలబడింది. అందుకని ఆ రోజు బోటు రిజిస్టరు తెప్పించాను." కాగితం తిప్పి, వేలు పెట్టి చదివాడు. "ప్రయాణికురాలు దీపిక, నర్సింగ్ విద్యార్థిని, డిగ్నాబాద్, సాయం చేయడానికి ముందుకు వచ్చింది. రోగి తాలూకు స్త్రీ ఒప్పుకోలేదు. కింద బోటు నడిపిన సరంగు యర్రయ్య సంతకం ఉంది."

పైన ఫ్యాను కిర్రుమంటోంది. గోపినాథ్ గారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇలా అయితే మనిషి ఉంది, విద్య ఉంది, వద్దన్నది ఇంటివాళ్ళు," అన్నాడు ఆఫీసరు. "పైవాళ్ళు నన్ను అడిగేది ఒకటే. దీనికి రూలు ఏం చేస్తుందయ్యా అని. మాతాజీ, ఆ అమ్మాయి ఎవరు?"

కొండమ్మ కుర్చీ చేతిని పట్టుకుంది. "మాలూమ్ నహీ, సాబ్."

బయట టీ బండి దగ్గర గోపినాథ్ గారి గొంతు లేచింది. "బోటోళ్ళు తప్పు కప్పుకోడానికి రాసుకున్న రాత ఇది. మనిషి పోయాక ఇంటోళ్ళ మీదికి తోసేశారు! ఊరుకుంటామా? తప్పుడు రాత రాసిన ఆ సరంగు మీద కూడా చర్య తీసుకోమని ఒక పేరా కలుపుదాం. ఏం కొండమ్మా?"

యర్రయ్య ఆ రోజు వీల్ హౌస్ నుంచి పరిగెత్తుకొచ్చి, నూకన్న కాళ్ళకు ఉన్న చెప్పులు తనే విప్పాడు. జెట్టీలో అంబులెన్సు దాకా ఒక వైపు తనే మోశాడు. కొండమ్మ టీ గ్లాసును రెండు చేతులా తిప్పింది. తాగలేదు.

పద్మావతి టీచరమ్మ ఆమె ముఖం వైపు చూడలేదు. చూడకుండా ఉండడం ఆమె కావాలని చేసిన పని అని కొండమ్మకు తెలిసింది. "శుక్రవారం నాలుగింటికి ఆఖరు," అంది టీచరమ్మ. "నువ్వు ఏం చెబితే అదే రాస్తాం కొండమ్మా. రెండువేల మంది నీ మాట మీద సంతకం పెట్టారు. నువ్వే చెప్పు." డబ్బులిచ్చి, గొడుగు తెరిచి వెళ్ళిపోయింది.

గురువారం ఫెరార్గంజ్‌లో తోట పని ఉంది. మగవాళ్ళు నేలలో పాతిన ఇనప మొన మీద కాయను గుచ్చి, తిప్పి, మూడు దెబ్బల్లో పీచు ఊడదీస్తున్నారు. ఆడవాళ్ళు కత్తి వెన్నుతో కాయ నడుం మీద కొట్టి రెండు చిప్పలు చేస్తున్నారు. నీళ్ళు ఒక పక్కకి, చిప్పలు ఎండకి, బోర్లా కాకుండా వెల్లకిలా. ఇసక తీరంలా పరుచుకున్న తెల్లటి చిప్పల మధ్య కొండమ్మ వంగి నడుస్తోంది. పక్కన అచ్చమ్మ వాగుతూనే ఉంది.

"మా ఆడబడుసు మావకి గుండె జబ్బంట. మొన్న రాత్రి కిందికి దించేశారంట కూడా. తెల్లారేసరికి లేచి టీ అడిగాడంట ముసలోడు! అందరూ ఏడుపు ఆపేసి పాలకి పరిగెత్తేరంట."

అందరూ నవ్వారు. కొండమ్మ కత్తి కాయ మీద కాకుండా రాయి మీద పడింది.

కిందికి దించడం. మంచం మీద ఊపిరి పోకూడదు. ఆఖరి గడియ వచ్చిందనుకున్నప్పుడు మనిషిని నేల మీదికి దించుతారు. సముద్రం దాటొచ్చిన తాతలు గిన్నెలు, దేవుడి పటాలతో పాటు ఇది కూడా తెచ్చుకున్నారు. అత్తను అలా దించింది, మామను దించింది. నేల మీద పడుకోబెట్టారంటే ఇక ఆశ లేదని అర్థం. ఎవరూ నోటితో అనక్కరలేదు.

మధ్యాహ్నం ఆమె ఇంటికొచ్చి గంజి తాగి, గుమ్మంలో వెలుతురు పడే చోట కూర్చుంది. పీటను ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కాగితం పెట్టింది. టీచరమ్మ మొదట్లో చెప్పిన మాట ఒకటుంది. విన్నది రాయకు, చూసింది రాయి. నోటితో ఈ సంగతి కొడుక్కి చెప్పలేదు, చెల్లెలికి చెప్పలేదు. నోరు వేరు, చెయ్యి వేరు. చెయ్యి కొత్తది, దానికి అబద్ధం ఇంకా అలవాటు కాలేదు. ఒక్కో అక్షరం కొబ్బరి పీచులా గట్టిగా లాగితే వచ్చింది. బస్సు హారను వినబడేసరికి తొమ్మిది వరసలు అయ్యాయి. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుని, పరిగెత్తి బస్సెక్కింది.

డిగ్నాబాద్‌లో కిరాణా కొట్టువాడు "నర్సింగ్ వాలీ దీపికా? ఊపర్ వాలా ఘర్" అని మెట్లు చూపించాడు. మెట్ల మీద చెప్పులు విప్పి కొండమ్మ ఆగింది. పైన ఆ పిల్ల తీగ మీద తడిబట్టలు వేస్తోంది. ఏడాదిన్నరలో కొంచెం చిక్కింది. క్లిప్పు పళ్ళ మధ్య పట్టుకుని తల తిప్పింది. గుర్తుపట్టింది. క్లిప్పు కింద పడింది.

"మీరు... పెద్దమ్మా, రండి. బైఠియే."

ఆ పిల్ల మంచినీళ్ళు తెచ్చింది. ఇద్దరూ చాప మీద కూర్చున్నారు.

"ఏటి చదువుతున్నావమ్మా ఇప్పుడు?"

"ఫైనల్ ఇయర్." దీపిక గోళ్ళ వైపు చూసుకుంది. "ఆ రోజు సంగతి మా మేడమ్‌కి చెప్పాను. ఆవిడ ఒకటే అడిగింది. 'వద్దంటే ఆగిపోయావా?' అని. ఆగాను కదా పెద్దమ్మా. ఇంకోసారి అడగాల్సింది. గట్టిగా అరవాల్సింది. అప్పట్నుంచి వార్డులో ఎవరికైనా గుండె ఆగితే అందరూ ముందుకెళ్తారు, నేను వెనక నిలబడతాను. చేతులు వెళ్ళవు. డర్ లగ్‌తా హై."

తన తప్పు తన ఇంట్లోనే ఉందనుకుంది కొండమ్మ ఇన్నాళ్ళూ. అది ఇంకో ఇంటి మెట్లు కూడా ఎక్కిందని ఎరగదు.

రవికలోంచి కాగితం తీసి ఇచ్చింది. "ఇది సదువమ్మా. నీకోసమే రాసేను. ఆఫీసులో కూడా ఇదే ఇస్తాను."

దీపిక విప్పింది. పైనుంచి కిందికి చూసింది, కిందనుంచి పైకి చూసింది. ముఖం ఎర్రబడింది. "పెద్దమ్మా, నాకు తెలుగు చదవడం రాదు. బడిలో హిందీనే. మాట్లాడ్డం తప్ప..." కాగితాన్ని తిరిగి ఇచ్చింది. "మీరే చదవండి."

కొండమ్మ కాగితం వైపు చూసింది. నోటితో చెప్పలేకే కదా రాసింది. రాయడం నేర్చుకున్నందుకు ఒక తలుపు తెరుచుకుందనుకుంది. ఆ తలుపు అవతల కూడా ఆ పిల్ల ముఖమే ఉంది, అంత దగ్గరగా, కళ్ళు తనవైపే పెట్టుకుని.

చూపుడు వేలు మొదటి అక్షరం కింద పెట్టింది.

"నా... భర్త నూకన్నకు బోటులో గుండె ఆగింది. దీపిక అనే పిల్ల కింద పడుకోబెట్టండి అంది. మా ఇళ్ళల్లో... ఊపిరి పోయేవాణ్ణే కిందికి దించుతాం. దించితే పోయాడని ఒప్పుకున్నట్టు. అందుకని నేను దించనివ్వలేదు. కూర్చోబెట్టి పట్టుకున్నాను. ఆ పిల్ల ఆయన చొక్కా విప్పి గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కింది. లోపల ఎముక చప్పుడైంది. నా మొగుణ్ణి చంపేస్తున్నావే అని అరిచాను. నేను ఆ పిల్లని..."

వేలు ఆగింది. తర్వాతి మాట కనబడుతూనే ఉంది. రాయడానికి మధ్యాహ్నం చాలాసేపు పట్టిన మాట. తీగ మీది బట్టల నుంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కగా రాలుతున్నాయి.

"తోసేశారు," అంది దీపిక మెల్లగా.

ఆ పిల్ల కాగితం వైపు చూడడం లేదు.

"అవునమ్మా. తోసేశాను."

దీపిక మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఏడుస్తోందని భుజాలను బట్టి తెలిసింది. కొండమ్మ చెయ్యి చాచి, మధ్యలో ఆపేసి, చివరికి ఆ తల మీద వేసింది. మిగిలిన రెండు వరసలు అలాగే, ఒక చెయ్యి అక్కడ ఉంచి, రెండో చేత్తో కాగితం పట్టుకుని చదివింది. "సరంగు యర్రయ్య రాసింది నిజం. నేను ఇన్నాళ్ళూ చెప్పింది అబద్ధం."

కొంతసేపటికి దీపిక ముక్కు తుడుచుకుంది. "ఇది ఇస్తే మీ అర్జీ పోతుందేమో పెద్దమ్మా. ఇంటివాళ్ళే వద్దన్నారని ఆఫీసువాళ్ళు అంటారు."

"పోతే పోనీ. యర్రయ్య మీద పడకూడదు. నీ మీద పడకూడదు."

దీపిక ఏదో ఆలోచిస్తూ చాప అంచు పీకింది. "ఆ రోజు బోటు కదిలే ముందు లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపించారు, గుర్తుందా? మీరు ఆయనకి తాడు బిగించారు. నేను ఎదురు సీట్లోనే ఉన్నాను. ఆయన 'సముద్రంలో పుట్టినోణ్ణి, నాకెందుకే ఇది' అన్నారు. మీరు 'యూనిఫారమోడు కట్టుకోమన్నాడు, నోర్మూసుకుని కట్టుకో' అన్నారు."

కొండమ్మ నోరు తెరుచుకుంది. ఆ మాట తను మరిచిపోయింది. అతని చివరి నవ్వు అదే.

"ఆ యూనిఫారమోడు కట్టమంటే కట్టేను," అంది కొండమ్మ. ఒక్కో మాటా తడుముకుంటున్నట్టు. "ఎందుకూ అని అడగలేదు. అదే నోటితో ఆడు ముందే చెప్పుంటే... కింద పడుకోబెట్టేది సంపడానికి కాదు, బతికించడానికి అని... దించుదును కదే. నీ చేతులు పట్టుకుని నేనే అక్కడ పెడుదును."

"ఇది రాయండి," అంది దీపిక. పెన్ను తెచ్చి ఇచ్చింది.

కొండమ్మ చాప మీదికి వంగి కాగితం అడుగున నాలుగో కోరిక రాసింది. లైఫ్ జాకెట్ గురించి చెప్పేటప్పుడే, గుండె ఆగిన మనిషిని నేల మీద పడుకోబెట్టి ఛాతీ నొక్కితే బతకవచ్చని బోటు మనిషే చెప్పాలి. హిందీలో, తెలుగులో, అక్కడున్న అందరి భాషల్లో. ఇది చట్టంలో ఉండాలి. దీపిక ఇంకో కాగితం మీద మొత్తం హిందీలో రాసింది. ఎక్కడా ఒక్క మాట మెత్తబరచలేదు. "తోసేశాను" దగ్గర తలెత్తి చూసింది. కొండమ్మ తలూపింది.

వెళ్ళబోతూ కొండమ్మ గుమ్మం దగ్గర ఆగింది. "ఎంత గట్టిగా నొక్కాలమ్మా అసలు?"

దీపిక లోపలికెళ్ళి కొబ్బరి పీచు దిండు ఒకటి తెచ్చి నేల మీద పెట్టింది. కొండమ్మను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, ఒక అరచేతి మీద ఇంకో అరచెయ్యి పెట్టింది. మోచేతులు వంగనివ్వలేదు. "నొక్కండి. ఇంకా. ఇంకా గట్టిగా. రెండంగుళాలు దిగాలి." ఏళ్ళ తరబడి కాయలు కొట్టిన చేతులవి. అయినా ముప్పై లెక్కపెట్టేసరికి కొండమ్మకు చెమట పట్టింది.

"ఎముక ఇరిగిపోదా?"

"విరగొచ్చు. విరిగినా ఫర్వాలేదు పెద్దమ్మా. ఎముక అతుక్కుంటుంది."

కొండమ్మ చేతులు దిండు మీదే ఉండిపోయాయి. ఎముక చప్పుడు. ఆ పిల్ల సరిగ్గానే నొక్కిందన్నమాట.

శుక్రవారం మధ్యాహ్నం గోపినాథ్ గారు రెండు కాగితాలూ చదివి, కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నాడు. సరంగు మీద రాసిన పేరాను నాలుగు ముక్కలుగా చింపి జేబులో వేసుకున్నాడు. టీచరమ్మ తెలుగు కాగితం మాత్రమే చదివింది. మూడు చోట్ల ఒత్తులు తప్పు. ఎర్ర పెన్ను బయటికి తీయలేదు.

ఆఫీసరు హిందీ కాగితం రెండుసార్లు చదివాడు. "ఇది ఇవ్వాలనే అనుకుంటున్నారా మాతాజీ? ఇందులో మీ పేరు ఉంటుంది. పది మంది చదువుతారు."

"నా పేరు నేనే రాశాను సాబ్," అంది కొండమ్మ.

ఆయన స్టాంపు వేశాడు. పైకి పంపుతానన్నాడు. అంతకు మించి మాట ఇవ్వడం ఆయన చేతిలో లేదు.

అది జరిగి ఏడు నెలలైంది. దీపిక వార్డులో ఇప్పుడు వెనక నిలబడడం లేదని ఫోనులో చెప్పింది. కాగితం ఎక్కడుందో గోపినాథ్ గారు నెలకోసారి వెళ్ళి అడుగుతున్నాడు. ఇంకా చూస్తున్నారంటున్నారు.

పోయిన వారం చెల్లెలిని చూడడానికి కొండమ్మ ఒక్కతే బోటెక్కింది. కదిలే ముందు యూనిఫారం కుర్రవాడు వచ్చి లైఫ్ జాకెట్ చూపించాడు. తాడు ఇలా, ముడి ఇలా. కొండమ్మ ముందుకు వంగి కూర్చుంది. ఇంకేమైనా చెబుతాడేమోనని అతని నోటివైపే చూసింది. అతను జాకెట్ మడిచి పెట్టి వెళ్ళిపోయాడు.

పక్క సీట్లో మనవాళ్ళే, ముసలి మొగుడూ పెళ్ళాలు. ఆయనకు ఆయాసంగా ఉంది. ఆవిడ సంచిలోంచి సోడా సీసా తీస్తోంది.

"ఒక మాట సెప్తాను, ఇనుకో అప్పా," అంది కొండమ్మ. "మీ ఆయనకి ఎప్పుడైనా గుండె ఆగి, కిందికి దించమని ఎవరైనా అంటే, దించు. బయపడకు."

ఆవిడ చెయ్యి సీసా మీద ఆగిపోయింది. ఆవిడ కొండమ్మ బోసి మెడను చూసింది, బొట్టు లేని నుదుటిని చూసింది. "బోటెక్కీ ఎక్కకుండానే ఏం మాటే అది! నీ నోట్లో..." మిగతాది మింగేసి, మొగుడి రెక్క పట్టుకుని లేవదీసి, నాలుగు వరసల ముందుకు తీసుకుపోయి కూర్చోబెట్టింది.

కొండమ్మకు కోపం రాలేదు. ఆ రోజు తనకైనా ఇలాంటి మనిషి వచ్చి ఈ మాట చెబితే, తనూ లేచిపోయేది. జెట్టీ కనబడేదాకా ఆ ముసలాయన వీపు వైపే చూస్తూ, ఆ ఊపిరి లోపలికి పోవడం, బయటికి రావడం లెక్కపెడుతూ కూర్చుంది.

ఆ మాట యూనిఫారమే చెప్పాలి.

అప్పలకొండమ్మ,
అరవై ఒక్క ఏళ్ళు,
ఇప్పుడు ఉంటున్నది ఫెరార్గంజ్, కొబ్బరి తోట పక్క ఇల్లు.